జారే చోట్లు

హాప్సాలులో సముద్రం గడ్డకట్టిన వారం
నాకీ పని అప్పజెప్పారు:
మా ప్రోగ్రామింగ్ భాషలో జనం
ఎక్కడెక్కడ పప్పులో కాలేస్తారో
రాసిపెట్టమని.

భాష పేరు కడకస్.
ఇక్కడి మాటలో జూనిపర్ పొద.
దాన్ని పుట్టించిన హెల్దుర్ పక్కగదిలోనే ఉంటాడు,
ఉన్ని మేజోళ్ళతో, చక్కెర లేని కాఫీతో.
"గుంటలు కావవి, స్వభావం" అంటాడు.
"గీరుతుందని పిల్లి మీద రాసిపెడతామా?"

రాశాను.

మొదటిది: నెలలు సున్నాతో మొదలు.
ఒకటంటే ఫిబ్రవరి.
పైదె పాలకేంద్రంలో లెక్కలు చూసే మాల్లె
అది తెలీక
నూట నలభై ఆవుల్ని
నెల ఆలస్యంగా ఈనమంది.
ఆవులు ఆమె మాట వినలేదు.

రెండోది: నకలనుకున్నది నకలు కాదు,
అదే గదికి ఇంకో తలుపు.
ఇటునుంచి వెళ్ళి నువ్వు కుర్చీ జరిపితే
అటునుంచి వచ్చినవాడు తట్టుకుని పడతాడు.

మూడోది ఖాళీగా వదిలాను.
అక్కడ జనం పడుతున్నారు,
ఎందుకో నాకే అంతుపట్టలేదు.

నాలుగోది: ఖాళీ సంచి ఇమ్మంటే
ప్రతిసారీ అదే సంచి ఇస్తుంది.
అడుగున నిన్నటివాడి చేతితొడుగులుంటాయి.

పదకొండోది: పదో వంతుకి
రెండు పదో వంతులు కలిపితే
మూడు కావు. వెంట్రుకవాసి ఎక్కువ.
ఈ పాపం మా ఒక్కరిదే కాదు,
అయినా అక్కడో కొమ్మ పాతాలి.

కొమ్మ అన్నానా?
మా తాత ఆర్వెద్ మాట అది.
దీవికి పడవలు ఆగిపోయే చలిలో
తెల్లారకముందే గునపంతో బయల్దేరి
మంచు మందం కొలిచి
బాట అంచున జూనిపర్ కొమ్మలు గుచ్చేవాడు.
ఆయన నియమాలు తలకిందులుగా ఉండేవి:
సీటు బెల్టు పెట్టుకోకు.
పాతిక లోపు పో, లేదా నలభై దాటి పో,
మధ్య వేగంలో మాత్రం వద్దు,
అడుగున నీళ్ళు అలై లేచి
నీ కిందే మంచు పగలగొడతాయి.
ఎందుకో ఎవరూ అడక్కముందే చెప్పేసేవాడు.
"కారణం లేని హెచ్చరికని
కుర్రాళ్ళు పందెం అనుకుంటారు."

"అయితే సరిచేసెయ్యొచ్చుగా?"
కొత్తగా చేరిన ఇంద్రెక్ అడిగాడు.
నేనూ అడిగాను ఒకప్పుడు.
గుంట పూడిస్తే
దాన్ని నమ్ముకుని కట్టిన ఇళ్ళు కూలతాయి నాయనా.
ఎక్కడో ఓ టికెట్ల యంత్రం
మా సున్నా సంగతి తెలిసి
బుద్ధిగా ఒకటి తగ్గించుకుని బతుకుతోంది.
మేం బాగుపడిన రోజున అది చెడిపోతుంది.

ఫిబ్రవరి చివర, రాత్రి రెండింటికి ఫోను.
హెల్దుర్.
కాసేపు ఊపిరి మాత్రమే వినబడింది.
"లీలో, ఆ సంచి సంగతి
ఎన్నోదిగా రాశావు?"
నాలుగోది, అన్నాను మర్యాదగా.
ఫోను పెట్టేశాక
దుప్పట్లో తల దూర్చి నవ్వాను.
పొద్దున వచ్చి నా బల్ల మీద
చక్కెర లేని కాఫీ ఒకటి పెట్టి
"పిల్లి" అన్నాడు. అంతే.

ఏప్రిల్. మంచు విరిగింది.
ఎవరో గుచ్చిన కొమ్మలు
వంతెన కింద తేలుతూ పోతున్నాయి.
పైదె నుంచి ఉత్తరం వచ్చింది,
పాల రసీదు వెనకవైపు, పెన్సిల్‌తో:

"మీరు ఖాళీగా వదిలిన మూడోది
నా కాలికి తగిలిందమ్మా.
పేరు పెట్టని దూడ వేరు,
ఇంకా పుట్టని దూడ వేరు.
మీ భాషకి రెండూ ఒకటే.
నిన్న అది, లేని దూడకి
పాలు కేటాయించింది."

అక్షరం మార్చకుండా
మూడో చోట దింపాను.
ఎందుకు, అన్న దాని కింద
కొత్తగా రాయడానికి ఏమీ మిగల్లేదు.
మాల్లె అని పేరు రాసి,
నెల వేయబోయి,
మూడా నాలుగా అని
ఒక్క క్షణం ఆగాను.